చిల్లర

మెట్ల మీద అడుగుల చప్పుడు.
ఎదురింటావిడ కుక్కను తీసుకుని దిగుతోంది.
నేను కోటు తొడుక్కుని, బూట్లు బిగించుకుని
తలుపుకున్న గాజుకన్నుకి కన్ను ఆనించి
ఆవిడ వెళ్ళేదాకా ఊపిరి బిగబట్టాను.

ఔలులో దీన్ని జబ్బని ఎవరూ అనుకోరు.
బస్‌స్టాపులో మనిషికీ మనిషికీ మధ్య
ఇంకో ఇద్దరు నిలబడే చోటు వదిలే ఊరు.
మాట్లాడనివాణ్ణి మర్యాదస్తుడంటారు.
మంచులో తెల్లకుందేలు లాంటి నా భయం
ఏళ్ళ తరబడి ఎవరి కంటా పడలేదు.

పట్టుబడింది సెమినార్‌లో.
"ఓయ్వా" అని పిలిచారు.
మూడు వారాలు బట్టీపట్టిన మొదటి వాక్యం
గొంతులో పచ్చి వెలక్కాయై కూర్చుంది.
ప్రొజెక్టర్ ఫ్యానొక్కటే మాట్లాడింది.
చెవుల దగ్గర పుట్టిన మంట
మెడ దాకా పాకింది.

ఇక జులైలోనూ మఫ్లర్ కట్టాను.
కాఫీకప్పు రెండు చేతుల్తో పట్టుకున్నాను,
వణుకు చలిదనుకోవాలని.
ఒక్కో మాటనీ లోపల ఏడుసార్లు ఇస్త్రీ చేసి
మడత విప్పేసరికి
జనం ఇంకో కబురులోకి వెళ్ళిపోయేవారు.

విద్యార్థుల ఆరోగ్య కేంద్రంలో రౌని
నన్ను ధైర్యంగా ఉండమనలేదు
(ఆ మాట అన్నవాళ్ళకి కొదవలేదు).
"ఎవరంటే భయం?" అంది.
"నలుగురూ ఏమనుకుంటారో అని..."
"ఏ నలుగురు? పేర్లు రాయి."
కాగితం నా వైపు తోసింది.
పెన్ను కదల్లేదు.

తర్వాత ఒక నిచ్చెన గీయించింది.
కింది మెట్టు, బస్సులో ఒకరి పక్క సీట్లో కూర్చోవడం.
పై మెట్టు చెప్పనక్కర్లేదు.
నడుమ ఎక్కడో, సూపర్‌మార్కెట్ క్యూలో
చిల్లర కింద పడెయ్యడం.
"కావాలనా?"
"కావాలనే. మెల్లగా ఏరుకో. క్షమించమనకు.
ఎర్రబడితే ఎర్రబడు.
ముందు జోస్యం రాసుకో, తర్వాత లెక్కపెట్టు."

రాసుకున్నాను:
అందరూ చూస్తారు. నవ్వుతారు.
నమ్మకం నూటికి తొంభై.

నవంబరు. మూడున్నరకే చీకటి.
శుక్రవారం క్యూలో పదకొండుమంది.
పాలప్యాకెట్ అక్కడే వదిలేసి పారిపోయొచ్చాను.
రౌనితో చెప్తే
"సరే, అదీ రాయి" అంది.

మరుసటి వారం
మఫ్లర్ ఇంట్లో ఉంచి వెళ్ళాను.
గుప్పెడు నాణేలు. వేళ్ళు విప్పాను.

పిడుగు పడ్డంత చప్పుడు.
ఒకటి దొర్లి, దొర్లి, దొర్లి
రొట్టెల అర కిందికి చేరింది.
వంగాను. మెడ మండింది.
మండనిచ్చాను.
లెక్కపెట్టాను.

క్యాషియర్ ఒక చూపు చూసి గడియారం వైపు తిరిగింది.
తోపుడుబండిలోని పసివాడు
ఇంకోసారి పడెయ్యమన్నట్టు నోరు తెరిచాడు.
వెనకున్న ముసలాయన ఒక నాణెం ఏరి
నా కళ్ళలోకి చూడకుండా అందించాడు,
ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి.

ముగ్గురు.
మిగతావాళ్ళు ఫోన్లలో, చేపల ధరల్లో,
ఎవరి మంటల్లో వాళ్ళు.

రాత్రి కాగితం నింపుతుంటే తట్టింది.
ఏళ్ళుగా రెప్పవేయకుండా, సెలవు పెట్టకుండా
నన్నే కనిపెట్టుకుని ఉన్న నాలుగోవాడు
నా బూట్లలోనే నిలబడ్డాడు.

నయమైందా అంటే ఏం చెప్పను?
పై మెట్టు ఇంకా పైనే ఉంది.
నిన్న ఫోను మోగి మోగి ఆగిపోయింది,
ఎత్తలేదు.

ఈ ఉదయం మళ్ళీ అడుగుల చప్పుడు.
గడియ మీద చెయ్యి, చేతిలోనే గుండె.
తలుపు తీశాను.
"మంచు" అన్నాను.
ఇస్త్రీ చెయ్యని మాట, ముడతలతో సహా.
ఆవిడ ఉలిక్కిపడి
"ఆఁ... బాగానే పడింది" అంటూ
గబగబా రెండు మెట్లు దిగింది.

కుక్క మాత్రం ఆగి
కింది నుంచి పైదాకా నన్ను తీరిగ్గా చూసింది.
చూడనీ.
ఐదోదాన్ని కూడా లెక్కలో వేసుకున్నాను.